నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి

మా వీధిలో పిల్లలెవరూ అన్నం తినరు. నిద్రపోరు, బరువు పెరగరు. ఈ మాట వాళ్ళ అమ్మలే చెబుతారు. మా పై అంతస్తు ఆవిడ కొడుకు రెండు చేతుల్లో రెండు అరటిపళ్ళతో లిఫ్టులోంచి దిగుతాడు. వాడి బుగ్గల వంక ఎవరి చూపైనా పడిందో లేదో, "ఏం తింటున్నాడండీ, ముద్ద లోపలికి పోవట్లేదు" అనేస్తుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ కుటుంబాలు మావి. ఊరు మారింది కానీ బిడ్డ బాగుందని పైకి అనకూడదన్న భయం మారలేదు. అంటే దిష్టి తగులుతుంది. అందుకని బాగా తినే పిల్లాడు తినడు, హాయిగా పడుకునే పిల్ల పడుకోదు, గలగలా మాట్లాడే పిల్లకి ఇంకా మాటలు రాలేదు.

మా పాపకి నిజంగానే మాటలు రాలేదు.

ఏడాదిన్నర నిండింది. అమ్మ అనలేదు, తాత అనలేదు. కేకలు వేసేది, నవ్వేది, కాళ్ళు కొట్టుకుంటూ ఏడ్చేది. మాట మాత్రం లేదు. "మా పెద్దాడు మూడో ఏడు దాకా నోరు విప్పలేదు, ఇప్పుడు చూడు" అని మా అత్తయ్య అనేవారు. ఆ పెద్దాడే మా ఆయన. ఆయన ఇప్పటికీ పెద్దగా మాట్లాడరు కనుక ఆ సాక్ష్యం నాకు ధైర్యం ఇవ్వలేదు. ఫోన్‌లో వెతికేదాన్ని. ఏ నెలకి ఏ మాట రావాలో ఒక పట్టిక కనిపిస్తే మూసేసి, ఇంకొంచెం దయగా ఉండే పట్టిక కోసం మళ్ళీ వెతికేదాన్ని.

ఒకసారి ధైర్యం చేసి, మేడ మీద బట్టలు ఆరేస్తూ పై అంతస్తు ఆవిడతో అన్నాను. "మా పాపకి ఇంకా ఒక్క మాటా రాలేదండీ."

ఆవిడ క్లిప్పు నోట్లో పెట్టుకుని నా వంక చూసి నవ్వింది. క్లిప్పు తీసి, "మా దగ్గర కూడానా? నిన్న బాల్కనీలో ఆ కేకలు ఎవరివండీ మరి?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మంచిదే. అందరికీ అలాగే చెప్పండి" అంది.

ఇంకేం చెప్పను? నా దగ్గరున్న నిజం అచ్చం మా వీధి మర్యాదలాగే ఉంది. అదే మాటలు, అదే నిట్టూర్పు. ఎవరికి చెప్పినా దిష్టి దాపరికమే అనుకుంటారు. ఆ రోజు తడి బట్టలు బకెట్లోనే వదిలేసి కిందకి వచ్చేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఉద్యోగంలో చేరాను. చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గర, ఒక కోచింగ్ సెంటర్ పైన మా ఆఫీసు. కింద పిల్లలు ఫార్ములాలు వల్లె వేస్తుంటే పైన మేము ఒక సర్వే కోసం ప్రశ్నల్ని తెలుగులో సిద్ధం చేసేవాళ్ళం. నాలుగు దేశాల్లో, రెండేళ్ళలోపు పిల్లలున్న తల్లుల్ని ఒకే రకం ప్రశ్నలు అడగాలి. పిల్ల ఏం తింటుంది, ఎంత నిద్రపోతుంది, పిలిస్తే పలుకుతుందా, అమ్మ మనసు ఎలా ఉంది, ఇవీ ప్రశ్నలు. వాటిని యూరప్‌లో ఒక ప్రొఫెసర్ తయారుచేశారు. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను, తెలుగు బాగా రాస్తాను. అందుకని వాటిని తెలుగు చేసే పని నాకిచ్చారు. నేను చేసిన తెలుగుని, అసలు ఇంగ్లీషు చూడని ఇంకొకావిడ మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పుతుంది. రెండు ఇంగ్లీషుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా వస్తే తప్పు ఎక్కడుందో వెతుకుతారు. నా తెలుగుకి తేడా రాలేదు. మెచ్చుకున్నారు.

ఆ మెప్పు అక్క చేతికి కాగితం వెళ్ళేదాకే. అక్క అంటే నా జతగా తిరగడానికి ఇచ్చిన మనిషి. ఊరు నల్లగొండ వైపు, ఉండేది మీర్‌పేట్‌లో. యాభై దాటిన వయసు, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళ తలుపులు కొట్టి వివరాలు రాసుకోవడమే పని. ఆవిడ మొదటి పేజీ పైకి చదివింది.

"గత ఏడు దినములలో మీ శిశువు ఆహార స్వీకరణ..." అని ఆగి, కళ్ళద్దాల మీంచి నన్ను చూసింది. "ఏంది చెల్లె గిది? రేడియోల వార్తలు చదువమంటవా నన్ను? గిట్ల అడిగితె శిశువు తల్లి నన్ను కోర్టోళ్ళు పంపిండ్రు అనుకుంటది."

"ఇంగ్లీషులోకి తిప్పితే సరిగ్గా వచ్చిందక్కా."

"ఇంగ్లీషుల మంచిగనే ఒస్తది. వాకిట్ల నిలవడి అడుగు, అప్పుడు తెలుస్తది."

మళ్ళీ రాశాను. అద్దె అన్నచోట కిరాయి కూడా పెట్టాను, హాస్పిటల్ పక్కన దవాఖాన. అడిగే మనిషి ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి మాట వాడుకోవచ్చు. ఈ పనిలో నేర్చుకున్న మొదటి సంగతి అది. కాగితం మీద సరిపోయింది వాకిట్లో సరిపోవాలని లేదు.

శిక్షణలో ఒక రోజు జతలు జతలుగా కూర్చోబెట్టారు. ఒకరు అడిగేవాళ్ళు, ఇంకొకరు తల్లి. మాలో చిన్నపిల్లలున్న వాళ్ళు నిజంగా తమ పిల్లల గురించే చెప్పాలన్నారు. అప్పుడే ఏ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుస్తుందట. అక్క టాబ్ ఒళ్ళో పెట్టుకుని అడిగింది, నేను చెప్పాను.

"పేరు పిలిస్తె తిరిగి చూస్తదా?"

"ఆఁ."

"రెండు మూడు మాటలన్న మాట్లాడుతదా?"

"ఆఁ."

అంత తొందరగా ఎందుకన్నానో నాకు అప్పుడే తెలుసు. మేడ మీద ఆవిడకి లేదని చెబితే అది మర్యాద. ఈ టాబ్‌లో లేదు అన్న గడి మీద వేలు పడితే అది నిజమైపోతుంది. అక్క నొక్కింది. చివర్న అడిగినవాళ్ళు నింపే గడి ఒకటుంటుంది, ఈ జవాబుల మీద మీకు ఎంత నమ్మకం కలిగింది అని. అక్క అందులో ఏదో టైపు చేసింది. నేను వంగి చూడబోతే టాబ్ బోర్లా పెట్టేసింది. "తల్లి సూడొద్దు. రూలు."

తర్వాత వీధుల్లోకి వెళ్ళాం.

ఎల్బీనగర్ వైపు ఒక ఇంట్లో కోడల్ని అడిగాను, రాత్రిపూట నిద్ర సరిగ్గా పడుతుందా అని. పక్కనే మంచం మీద కూర్చున్న అత్తగారు చెప్పింది. "దానికేందమ్మా, తొమ్మిది కొడితె పంటది, ఏడింటి దాక లేవది. పిలగాన్ని నేనే ఎత్తుకుంట." కోడలు నేలవైపు చూసి నవ్వింది. నేను బాగా పడుతుంది అని రాసుకున్నాను.

గేటు బయటికి రాగానే అక్క అడిగింది. "ఎవల నిద్ర రాసినవ్?"

నేను టాబ్ తెరిచి ఆ గడి మళ్ళీ చూశాను.

"అత్త ముంగట కోడలు చెప్పదు. నా తప్పు కూడ ఉన్నది, నేనన్న ముసలామెను బయటికి తీస్కపోవాల్సుండె."

ఆ తర్వాత అక్క ప్రతి ఇంట్లో ముందు పెద్దావిడ దగ్గరికే వెళ్ళేది. "అమ్మా, నీ తోటి వేరే పనున్నది. నువ్వు నీ పిల్లలను ఎట్ల సాదినవో రాస్కోవాలె. జర వరండల కూసుందమా?" అనేది. పెద్దావిడ చీర సర్దుకుని లేచేది. లోపల నేనూ కోడలూ మిగిలేవాళ్ళం. ఈ సంగతి వీడియో కాల్‌లో చెబితే ప్రొఫెసర్ ఒప్పుకోలేదు. అక్కర్లేని వివరాలు అడిగినట్టు నటించడం మోసమే అన్నారు. నాలుగు రోజులకి పెద్దవాళ్ళ కోసం నిజంగానే ఒక చిన్న ఫారం తయారుచేసి పంపారు. నాలుగు దేశాల్లోనూ అది వాడుతున్నారిప్పుడు. చదవడానికి అన్నిటికంటే బాగుండేది ఆ ఫారమే.

అమ్మ మనసు ఎలా ఉందో చెప్పడానికి మొదట అయిదు మొహాల బొమ్మలిచ్చారు. ఒక చివర నవ్వు మొహం, ఇంకో చివర ఏడుపు మొహం. నచ్చిన దాని మీద వేలు పెట్టాలి. ఏడుపు మొహం మీద వేలు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "శుక్రవారం పూట ఆ బొమ్మేంటమ్మా, తీసెయ్ ముందు" అని ఒకావిడ టాబ్‌ని పక్కకి నెట్టింది. చివరికి టీ గ్లాసు బొమ్మలు పెట్టాం. ఖాళీ గ్లాసు, పావు, సగం, ముప్పావు, నిండు. పావు గ్లాసు చూపించడానికి ఎవరికీ అపశకునం అనిపించలేదు. మా ఇంటి ఎదురు అపార్ట్‌మెంట్‌లో, రోజూ నవ్వుతూ కనబడే ఒకమ్మాయి ఖాళీ గ్లాసు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. నేను ఏమీ అనకూడదు. ఫారం చివర్న ఉన్న ఆసుపత్రి నంబరు చదివి వినిపించి, కాగితం మీద కూడా రాసి ఇచ్చి వచ్చాను. ఆ రోజు అక్కకి చెబుదామనుకున్నాను, నా గ్లాసు ఎంతో. చెప్పలేదు.

ఇంకొకటి కూడా అక్క దగ్గరే నేర్చుకున్నాను. ఒక ఇంట్లో స్టీలు గ్లాసుతో నీళ్ళిస్తే, సీసా తెచ్చుకున్నానని వద్దన్నాను. పాపకి జబ్బు తీసుకెళ్తానేమోనని నాకు భయం, బయట నీళ్ళు ముట్టేదాన్ని కాదు. అక్క నా గ్లాసు కూడా తీసుకుని తాగేసింది. వీధి మలుపు తిరిగాక చెప్పింది. "మా చిన్నప్పుడు మా ఇంట్ల నీళ్ళు ముట్టనోళ్ళు ఉండిరి. వాళ్ళు ఏమడిగినా మా అమ్మ ఆఁ అంటుండె, ఊఁ అంటుండె, అంతే. నీళ్ళు తాగినోళ్ళకే సంగతి చెప్పేది."  అప్పట్నుంచి ఇచ్చిన చోటల్లా తాగుతున్నాను. ప్రతిసారీ భయపడుతూనే.

రెండు వందల ఇళ్ళు అవ్వకముందే ప్రొఫెసర్ అర్జెంటుగా కాల్ పెట్టించారు. తెరమీద నాలుగు దేశాల వాళ్ళూ ఉన్నారు. మా వైపు నేనూ అక్కా ఒకే కుర్చీ అంచుల మీద. ప్రొఫెసర్ రెండు పటాలు చూపించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధుల్లో పిల్లలెవరూ తినడం లేదు, నిద్రపోవడం లేదు. మీర్‌పేట్‌లో, చర్చి చుట్టూ ఉన్న వీధుల్లో పిల్లలందరికీ అన్నీ సవ్యంగా ఉన్నాయి. ఒక ఆటో ఎక్కి దిగేంత దూరంలో పిల్లలు ఇంత తేడాగా ఎలా ఉంటారని అడిగారు. అనువాదంలో ఏదైనా తప్పు జరిగిందా అని ఎవరో అన్నారు. అందరి మొహాలూ నావైపు తిరిగాయి.

 అనువాదం తప్పు కాదు. మా వాళ్ళు దిష్టికి భయపడి లేదంటారు. అక్క వాళ్ళ వీధిలో వాళ్ళు "దేవుని కృపతోటి అంత మంచిగనే ఉన్నది" అంటారు. ఇంట్లో జ్వరమున్నా సరే, గొణిగితే దేవుణ్ణి నమ్మనట్టు. ఒక వీధిలో లేదు అంటే లేదని కాదు, ఇంకో వీధిలో ఉంది అంటే ఉందని కాదు. పుట్టినప్పట్నుంచీ తెలిసిన సంగతే. టాబ్ చేతిలో ఉంటే అది నాకే గుర్తు రాలేదు. తడబడుతూ ఇంగ్లీషులో చెప్పాను.

ఆఫ్రికా నుంచి మాట్లాడుతున్న ఒకావిడ పెద్దగా నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పిల్లలెంతమంది అంటే వేలు మడిచి లెక్కపెట్టరట. లెక్కపెడితే తగ్గుతారని భయమట. నేనూ నవ్వాను. ఆవిడని ఎప్పుడూ చూడలేదు, కానీ మా పై అంతస్తులో ఉంటే బాగుండుననిపించింది.

అక్క నా మోచెయ్యి పొడిచింది. "ఏమంటున్నదామె?"

ఎలా అడిగితే నిజం చెబుతారో తెలియడం లేదంటున్నారు అని చెప్పాను.

"మంచిగున్నదా అంటె మంచిగున్నది అంటరు, లేకుంటె లేదంటరు. ఇంటికొచ్చినోళ్ళకు ఎవలన్న లోపలి సంగతి చెప్తరా? మంచీ చెడ్డ అడగొద్దు. నిన్న పొద్దుగాల్ల లేసినకాడికెళ్ళి ఏం పెట్టినవ్, ఏం జేసినవ్, వరుసగ చెప్పుమను. దిష్టి రేపటికి తగుల్తది గని, నిన్నటికి తగల్ది గద."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రొఫెసర్ ఇంకోసారి చెప్పమని రాసుకున్నారు. దిష్టి గురించిన వాక్యాన్ని కూడా రాసుకున్నారు.

ఆ వారమే ప్రశ్నలు మారిపోయాయి. మా పై అంతస్తు ఆవిడ దగ్గరికి కావాలని నేనే వెళ్ళాను. తింటాడా అని అడగలేదు. నిన్న లేచిన దగ్గర్నుంచి చెప్పమన్నాను. ఆవిడ వేళ్ళ మీద చెప్పుకుపోయింది. ఇడ్లీలు మూడు, అరటిపండు, పప్పన్నం నెయ్యితో, సాయంత్రం ఉగ్గు, మళ్ళీ అరటిపండు. అంతా అయ్యాక కూడా, "అదేనండీ, ఏం తింటున్నాడు" అని నిట్టూర్చింది. ఇద్దరం నవ్వాం.

మరునాడు మధ్యాహ్నం ఆఫీసులో అన్నాలు తింటున్నాం. కింద కోచింగ్ పిల్లలు కూడా భోజనానికి వెళ్ళారు, అరుపులు లేవు. అక్క తన డబ్బాలోంచి పచ్చిపులుసులో ముంచిన రొట్టె రెండు ముక్కలు నా మూతలో వేసి, "కొత్త ఫారం నోటికి పట్టలే. నీ మీద ఒకపారి అడుగుత" అంది.

"ఇప్పుడా?"

"తింటనే చెప్పు. నిన్న పొద్దుగాల్ల పాప లేసినకాడికెళ్ళి."

పాత ఫారంలో లాగే ఆఁ ఆఁ అందామని చూశాను. ఈ ప్రశ్నకి ఆఁ అనడానికి చోటు లేదు.

"ఆరున్నరకి లేచింది. వంటింట్లోకి వచ్చింది. గిన్నెలిచ్చి నేల మీద కూర్చోబెట్టాను. చట్నీకి మిక్సీ వేశాను. పక్కనే కూర్చుని ఆడుకుంది."

"మల్ల?"

"కూర్చుని ఆడుకుందక్కా. దానికి మిక్సీ అంటే భయం లేదు. అందరి పిల్లలూ ఏడుస్తారు, ఇది ఏడవదు. మొన్న దీపావళికి కూడా..."

అక్కడ ఆగిపోయాను. దీపావళి నాడు మా గేటు ముందు టపాకాయల లడీ కాలిస్తే నేను ఉలిక్కిపడి పాపని గుండెకి హత్తుకున్నాను. అది నా చీర భుజం మీది కుంకుమ రంగు దారాన్ని గిల్లుకుంటూ ఉండిపోయింది. ఎంత ధైర్యం ఈ పిల్లకి అని మా ఆయన ఫోన్‌లో వాళ్ళ చెల్లెలికి చెప్పుకున్నారు కూడా.

అక్క మొహంలో ఏమీ మారలేదు. మారకూడదు. వింటున్నవాళ్ళ కనుబొమ్మ కదిలినా చెప్పేవాళ్ళు దారి మార్చుకుంటారని శిక్షణలో చెబుతారు. "మల్ల?" అంది.

"గ్యాస్ సిలిండర్ వచ్చింది. బెల్లు కొట్టాడు."

"మల్ల?"

"నేను లేచాను. నేను లేవడం చూసి నా వెనక వచ్చింది." నీళ్ళు తాగాను. "బెల్లుకి కాదక్కా. నేను లేస్తే చూసి వచ్చింది."

"మల్ల?"

"పదకొండింటికి, నేనింకా ఆఫీసుకి బయల్దేరకముందే పడుకుంది. పై వాళ్ళ ఇంట్లో డ్రిల్లింగ్. మా తలుపులు అదిరాయి. అది లేవలేదు. బంగారు నిద్ర అని మేం..."

అంతకుమించి చెప్పక్కర్లేకపోయింది. రోజూ జరిగినవే అవన్నీ. ఒక్కొక్కటీ ఒక్కో మెప్పు. భయం లేదు, పేచీ లేదు, బంగారు నిద్ర. వరుసగా పెట్టి చెప్పేసరికి అవి మెప్పులు కాకుండా పోయాయి. మాటలెందుకు రాలేదని ఇన్నాళ్ళూ దాని నోటివంకే చూశాను.

అక్క డబ్బా మూత పెట్టి టాబ్ తీసింది. నా పాత ఫారం తెరిచి చివరి గడి చూపించింది. శిక్షణ రోజున ఆవిడ టైపు చేసింది ఒకే ముక్క. మల్లొకపారి అడగాలె.

"మరి ఇన్ని రోజులూ ఎందుకు అడగలేదక్కా?"

"ఎట్ల అడగాలెనో మొన్ననే గద దొరికింది" అంది. తర్వాత నా ఎంగిలి చెయ్యే పట్టుకుని, "ఏడిస్తె ఏడువు, గని పొయ్యి చెవుల డాక్టరుకు చూపెట్టు. పరేషాన్ అయితె రేపు లీవు పెట్టు" అంది.

మెట్రో ఎక్కలేదు, నడిచి వచ్చాను. దారిలో హారన్లు, బస్సులు, పళ్ళ బండి మైకు, అన్నీ ఒక్కసారి చెవుల్లో పడ్డాయి. ప్రతి చప్పుడూ ఇది పాపకి లేదేమో, ఇది లేదేమో అని లెక్కపెట్టుకుంటూ నడిచాను.

ఇంట్లో అత్తయ్య హాల్లో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. పాప ఆవిడకి వీపు పెట్టి టైల్స్ మీద బియ్యపు డబ్బా మూత దొర్లిస్తోంది. ఆవిడకి ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను. ఇంకో సంగతి చెప్పాలి. కొన్నాళ్ళుగా అత్తయ్య వేళకాని వేళల్లో పూజ గంట కొడుతున్నారు. మధ్యాహ్నం, దీపాల వేళకి ముందు, ఒకసారి నేను ఫోన్ మాట్లాడుతుంటే కూడా. పెద్దతనం, భక్తి ఎక్కువైంది అని విసుక్కునేదాన్ని.

ఎదురుగా కూర్చుని నేనూ రెండు కాయలు తీసుకున్నాను. "అత్తయ్యా, నిన్న నేను ఆఫీసుకి వెళ్ళాక పాప ఏం చేసింది?"

"ఏముందమ్మా, ఎప్పటిలాగే."

"ఎప్పటిలాగే కాదు, నిన్న. స్నానం దగ్గర్నుంచి చెప్పండి."

ఆవిడ చేతిలో కాయ వంక చూస్తూ చెప్పారు. "స్నానం చేయించాను. సాంబ్రాణి వేశాను. నేనూ స్నానం చేసి దీపం పెట్టుకున్నాను. గంట కొట్టాను."

"తర్వాత?"

"తర్వాత దానికి అన్నం పెట్టాను. మళ్ళీ గంట కొట్టాను."

"అన్నం పెట్టాక ఎందుకు అత్తయ్యా?"

ఆవిడ ఇంకో కాయ తీసుకున్నారు. ఇది తప్పు ప్రశ్న. ఎందుకు అనకూడదు, తర్వాత అనాలి. "తర్వాత?" అన్నాను.

"దాని వెనక నిలబడి కొట్టాను." కాయ పళ్ళెంలో వేసేశారు. "తిరగలేదమ్మా. రోజూ కొడుతున్నాను. ఏ రోజైనా తిరుగుతుందేమోనని."

"ఎప్పట్నుంచి?"

"వినాయక చవితప్పట్నుంచి. మన గేటుకే కదా మైకు కట్టారు. కిటికీలు అదిరిపోతుంటే అది నిద్రపోతోంది."

రెండు నెలలు దాటిపోయింది. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఆవిడ గంట పట్టుకుని ఆవిడ తిరిగారు, నేను ఫోన్ పట్టుకుని నేను తిరిగాను. "నాకు చెప్పాల్సింది కదా అత్తయ్యా" అన్నాను. కోపంగానే అన్నాను.

"ఎలా చెప్పనమ్మా? పిల్లకి వినపడటం లేదని నా నోటితో నేనంటే, ముసలిదాని నోటి దిష్టే తగిలిందని అంటావేమోనని."

అననని చెప్పలేకపోయాను. అని ఉండేదాన్నేమో. గోరుచిక్కుళ్ళ పళ్ళెం పక్కకి జరిపి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పాప మూత దొర్లుకుంటూ మా దాకా వస్తే దాని వెనకే వచ్చింది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి అత్తయ్య ఒళ్ళో ఎక్కింది.

ఆ సాయంత్రం మా ఆయనకి కూడా నిన్నటి నుంచే చెప్పాం, ఇద్దరం కలిసి. ఆయన అంతా విన్నారు. తర్వాత ఫోన్ తీసి డాక్టరు దగ్గర టైము తీసుకున్నారు. పాప పుట్టినప్పటి కాగితాలన్నీ వెతికాను, వినికిడి పరీక్ష చేసినట్టు ఎక్కడా లేదు. అప్పుడు అడగాలని నాకు తెలియలేదు. తిరిగి తిరిగి ఈ ముక్క దగ్గరికే వస్తున్నాను.

మొన్న డాక్టరు దగ్గర కూడా ఒక ఫారం ఇచ్చారు. పిలిస్తే పలుకుతుందా, అవును, కాదు. ఆ రెండు గడుల్లోనూ ఏమీ పెట్టకుండా కాగితం వెనక్కి తిప్పి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాసిచ్చాను. మిక్సీ, బెల్లు, డ్రిల్లింగ్, గంట. డాక్టరమ్మ మొదటినుంచీ చివరిదాకా చదివింది. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి, యంత్రం పెట్టి చూస్తే కానీ చెప్పలేనంది. కొందరికి చెవిలో నీరు చేరినా ఇలా ఉంటుంది, కొందరికి చెవికి మిషన్ పెట్టాలి, కొందరికి ఆపరేషన్ అంది. ఇందులో మా పాప ఏ కొందరో రేపు తెలుస్తుంది.

ఆ పరీక్ష నిద్రలో చెయ్యాలట. అందుకని పొద్దున్నే లేపేసి, అక్కడికి వెళ్ళేదాకా పడుకోనివ్వకూడదట. నాలుగున్నరకి లేపమన్నారు. ఇప్పుడు రాత్రి రెండు దాటింది. ఇది రాస్తూ నాలుగుసార్లు లేచి చూసి వచ్చాను. తలుపు చప్పుడు కాకుండా మెల్లగా తీస్తున్నాను, అలవాటు. అత్తయ్య కూడా మేలుకునే ఉన్నారు, ఆవిడ గదిలో లైటు కనబడుతోంది. అక్క సాయంత్రం ఫోన్ చేసింది. మీర్‌పేట్‌లో వాళ్ళ చర్చిలో పాప కోసం ప్రార్థన పెట్టించిందట. "అంత మంచిగనే ఉంటది అని నేను చెప్ప చెల్లె. రేపు ఏం జరిగిందో ఎల్లుండి నాకు వరుసగ చెప్పు" అంది.

ఫోన్‌లో అలారం పెట్టాను. అది నాకే. పాపని పిలిచి లేపడానికి లేదు. ఇన్నాళ్ళూ పొద్దున్నే పేరు పెట్టి పిలుస్తూ పక్కన కూర్చునేదాన్ని, పిలిచాకే కళ్ళు తెరుస్తోందనుకున్నాను. పిలుస్తూ పిలుస్తూ పాదం నిమిరేదాన్ని కదా, దానికి తెరిచేదన్నమాట. రేపు కూడా పాదమే నిమురుతాను.